ఆరోగ్య విషయములు: కట్టుడు అంగిలి



మాదాపూరున సైబర్ టవర్సుకు దాపున నొక కార్యాలయములో పనిచేయు సోదరి యొకతె మాకు పరిచితురాలు. ఆమె యుద్యోగమంతయు టెలిఫోనులో మాటలాడుటయే. 2021లో కరోనా తగ్గిన పిమ్మట నామెకు బ్లాక్ ఫంగస్ సోకగా, పైదవడలో సగమును అంగిలియు తీసివేయవలసివచ్చెను. మధుమేహము గలవారిని ఆ తెగులు మిక్కిలిగా పట్టినది. కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఆ యేడు రోగులతో నిండిపోవుట మీకు జ్ఞాపకముండును. పుట్టకురుపు వలనను ఇట్టి గతి పట్టును. శ్రీకాకుళపు ప్రాంతమున స్త్రీలు నిప్పుకొస నోటిలో నుంచుకొని చుట్ట త్రాగుదురు. ఆ అడ్డపొగ నేరుగా అంగిలినే కాల్చును.

అంగిలి పోయినచో నోటికిని ముక్కునకును నడుమ గోడ యుండదు. త్రాగిన నీరు ముక్కున కారును. పలుకవలసిన గాలి పైకి పోవుటచే పకార బకారములు మకారమువలె వినబడును. బిడ్డను 'బాబూ' యని పిలిచిన 'మామూ' యగును!

దీనికి దంతవైద్యు లమర్చు సాధనమును ఆబ్చురేటరందురు. చూచుటకు కట్టుడుపండ్ల వంటిదే. పైన గుల్లబుడిపె యొకటి రంధ్రమును మూయును. గుల్ల చేయుట తేలికకొఱకు. బరువైన మిగిలిన పండ్లను లాగివేయును. పదునాఱవ శతాబ్దమునందే ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రాజ్ పారే స్పంజి తగిలించిన పలకతో ఇట్టి రంధ్రమును మూసెను.

ముఖ్యమైన సంగతి యిది: కత్తి పెట్టకముందే దంతవైద్యుని చూడవలెను. దవడ యథాస్థితిని ఉండగా తీసిన అచ్చుపై పలక చేయించినచో, శస్త్రచికిత్స జరుగునపుడే దానిని అమర్చవచ్చును. పిదప తాత్కాలికమైనది, గాయము కుదుటపడిన కొన్ని నెలలకు స్థిరమైనది చేయుదురు. మా సోదరికి ఈ మాట ముందుగా నెవరును చెప్పలేదు. రెండు నెలలు సెల్‌ఫోనుపై వ్రాసి చూపుచు గడపినది. తొందర చికిత్సలో అన్నివేళల వీలుపడకపోవచ్చును, అడుగుటకేమి? అఫ్జల్‌గంజి ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో కృత్రిమదంతముల శాఖ గలదు.

భోజనానంతరము దానిని తీసి చన్నీటితో మెత్తని కుంచెతో కడుగవలెను. వేడినీరు తగిలిన వంకరపోవును. గాయము మానుచున్న దినములలో వైద్యుని యడుగక గంటలకొలది తీసియుంచరాదు. కండ ముడుచుకొని మరల పట్టదు. మొదట పలుచని గంజికన్న మెత్తగా కలిపిన పప్పన్నము సులువుగా దిగునని ఆమె యనుభవము.

మొన్న మాతో గంటసేపు టెలిఫోనులో మాటలాడినది. నడుమ "ఉండండి, ఇది కొంచెము వదులైన"దని సర్దుకొని, మరల బియ్యపు ధరను గూర్చి యెత్తుకొన్నది.