పెన్నయొడ్డున వ్యాయామము

వ్యాయామ మనగానే మనవారికి రెండు రూపములే మనసునకు వచ్చుచున్నవి. ఒకటి వైద్యుడు వ్రాసియిచ్చిన చీటి. రెండవది, నెలకింత రుసుము చెల్లించి, తలుపులు మూసిన గదిలో, ఎంత నడచినను ఎచటికిని జేర్పని యంత్రముపై నడచుట. మొదటిది భయముచే బుట్టినది, రెండవది నెల తిరుగకుండ విసుగు పుట్టించునది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులకు ఈ రెంటి యవసరమును అంతగా లేదని మా యభిప్రాయము.

పెన్నలో నీరు పారు దినములు తక్కువ, ఇసుక కానవచ్చు దినములు ఎక్కువ. ఈ లోపమే వ్యాయామమునకు లాభము. గట్టినేలపై నడచుటకంటె ఇసుకలో నడచుటకు ఇంచుమించు రెట్టింపు శక్తి వ్యయమగునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పియున్నారు. ప్రొద్దుటూరి వర్తకుడు అంగడి తెరచుటకు ముందు ఏటిలో అరగంట నడచెనేని గంట నడచిన ఫలము దక్కును. బాలురకు చెడుగుడు కలదు. దానికి బంతి యక్కఱలేదు, బ్యాటు అక్కఱలేదు. ఇసుకపై బడిన మోకాలు చిట్లదు. 1936లో బెర్లిను ఒలింపిక్సు వేళ ప్రదర్శింపబడి, 1990లో ఆసియా క్రీడలలో చోటు సంపాదించిన ఆట యిది. మన పిల్లలు మాత్రము దానిని చేతిలోని ఫోనులో చూచి యానందించుచున్నారు! ఒక్క హెచ్చరిక: ఇసుకను ఎత్తుకొనిపోగా మిగిలిన గుంతలలో నీరు నిలిచియున్నచోట పిల్లలను దిగనీయరాదు.

జమ్మలమడుగు వారి భాగ్యము వేరు. పదునైదు కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమల కొండలను పెన్న చీల్చుకొనిపోవుచోట, గండికోట యున్నది. దూరదేశములవారు దానిని వెదకికొని వచ్చుచుండగా, మనవారు కారులో బోయి, లోయలోనికి ఒకమారు తొంగిచూచి, ఛాయాచిత్రము దీసికొని, భోజనమువేళకు ఇల్లు చేరుచున్నారు. తెల్లవారకమునుపే సైకిలుపై బయలుదేరి, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారము, జుమ్మామసీదు, రంగనాథుని యాలయము కాలినడకను జూచి, ఎండ ముదురకముందే మరలిన యువకునికి ఆ దినమున ఆకలి యెట్లుండునో మేము చెప్పనక్కఱలేదు.

పులివెందులకు పెన్న లేదు, చీనీతోటలున్నవి. తోట యజమాని కాపు జూచుటకు గట్టువఱకు మోటారుసైకిలుపై బోవుచున్నాడు. వెనుక ఆ తోటల బావులలోనే పిల్లలు నడుమునకు బెండుగట్టుకొని ఈత నేర్చుకొనెడివారు. గొట్టపుబావులు వచ్చినవి, ఆ బావులు ఎండినవి, ఈతయు వానితోనే పోయినది. శ్రావణ శనివారములలో గండి యాంజనేయుని దర్శనమునకు నడచిపోయిన కాళ్లు మఱునాటినుండి మరల బండినే కోరుచున్నవి. ఇక మన తిరునాళ్లలో బండలాగుడు పందెము లున్నవి గదా యందురేమో. అందు వ్యాయామము ఎద్దులకు, చప్పట్లు మనకు! అంతకంటె చెక్కభజన నయము. ఒక గంట చిందువేసినవానికి వేఱు కసరత్తు లేల?

ఇది వేడుకమాట కాదు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి యధ్యయనము ప్రకారము మన దేశమున మధుమేహ పీడితులు 10 కోట్లకు మించియున్నారు. పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల శ్రమ యవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్ణయించినది. దినమునకు 22 నిమిషములు! కాఫీహోటలులో ఇంతకంటె నెక్కువ కాలము గడపనివారు మాలో నెందఱు?

అయితే ఇంతవఱకు మేము వ్రాసినదంతయు పురుషులకే చెల్లినది. ఇంటి యిల్లాలు చీకటి విడువని వేళ ఏటియొడ్డునకు ఒంటరిగా బోగలదా? సాయంకాలమున బాటపై నడచిన లారీలు, మోటారుసైకిళ్లు, చూచువారి కన్నులు. మిద్దెపై పదియడుగుల మేర అటునిటు తిరుగుట తప్ప ఆమెకు గతి లేదు. మధుమేహము మాత్రము ఆడ మగ భేదము పాటించుట లేదు. యోగ్యమైన స్థలము చూపక ఆమెకు వ్యాయామ బోధ చేయుట న్యాయము కాదు.

ఇందులకై కొత్తగా పార్కులు కట్టించువఱకు ఆగనేల? ఊరి నడుమ పాఠశాలల మైదానము లున్నవి. బడి విడిచినపిదప తాళము పడుచున్న వానిని ఉదయ మొక గంట, సాయంకాల మొక గంట స్త్రీలకును బాలికలకును ప్రత్యేకించి, రెండు దీపములు, ఒక కావలిదారుని ఏర్పఱచిన జాలును. వ్యయము స్వల్పము. ఆ తాళపుచెవి యెవరియొద్ద నున్నదో మన పురపాలక సంఘములవారు ఎఱుగుదురు.