స్వర్ణానికి ముందు మైదానం

ఆగ్నేయాసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మలేసియా 1989 తరువాత ఇరవై ఏళ్లకు, 2009లో, కె. రాజగోపాల్ శిక్షణలో స్వర్ణం సాధించింది. 2011లో జకార్తాలో ఇండోనేషియాను పెనాల్టీలలో ఓడించి దానిని నిలబెట్టుకుంది. 2017లో స్వదేశంలోనే, షా ఆలంలో జరిగిన ఫైనల్‌లో థాయిలాండ్ చేతిలో 0-1తో ఓడింది. 2011 అనంతరం స్వర్ణం మనకు దక్కలేదు.

ఇది కేవలం దురదృష్టం కాదు. 2023, 2025 క్రీడలలో ఈ పోటీ ఇరవై రెండేళ్లకు మించని యువకులది. పైగా ఫిఫా నిర్ణీత తేదీలకు వెలుపల జరుగుతుంది గనుక ఆటగాళ్లను తప్పక పంపాలన్న నిర్బంధం క్లబ్బులకు లేదు. కావున చిన్ననాటి నుంచే అధికసంఖ్యలో పిల్లలను తీర్చిదిద్దిన దేశానిదే పైచేయి.

ఒకప్పుడు మన తోటలలో సాయంకాలం పిల్లలకు ఆట నేర్పినవి అక్కడి మైదానాలే. తోటలు గృహసముదాయాలుగా మారినచోట అవీ అంతరించాయి. పతకం ఆశించే మనం ముందుగా పిల్లలకు ఆడుకునే చోటు అడగాలి.