పాత లేతు: రంగుకంటే ముందు కొలత



ఐటీఐ చదువు ముగించుకొని, పల్లెలోనే చిన్న షెడ్డు వేసుకొని బ్రతుకుదామనుకొనే యువకులు మన కుటుంబాలలో ఉన్నారు. కొత్త లేతు కొనే స్తోమత లేక పాతదానిని బేరమాడుతారు. తల్లి మెడలోని గొలుసు కుదువపెట్టి తెచ్చిన సొమ్మైతే దానిని మరింత జాగ్రత్తగా ఖర్చు చేయవలెను. గనుక పాత లేతు ఎంత అరిగినదో తెలిసికొనే పద్ధతిని ఈ నెల ఆలోచిద్దాము.

కొత్త రంగు చూసి మురిసిపోవద్దు. సాడిల్ జారే బెడ్ పట్టాలకు ఎవరూ రంగు వేయరు. అసలు అరుగుదల అక్కడే ఉంటుంది.

బెడ్ అంతటా సమానంగా అరగదు. పొట్టి పనులే ఎక్కువ గనుక సాడిల్ చాలాకాలం చక్కు దగ్గరే తిరుగుతుంది. ఇనుప రజను, దుమ్ము నూనెలో కలిసి అక్కడే పట్టాలను అరగదీస్తాయి. టెయిల్‌స్టాక్ వైపు చివర తక్కువగా అరుగుతుంది. సాడిల్‌ను చక్కు దగ్గరకు తెచ్చి, లాక్ బోల్టును కొద్దిగా రాసుకొనేంత మాత్రమే బిగించి, రెండవ చివరకు నడపండి. దారిలో బిగుసుకొని ఆగిపోతే బెడ్ అరిగినదని గ్రహించవలెను.

తరువాత స్పిండిల్. చక్కుకు డయల్ గేజి ఆనించి, క్రింద కర్ర పెట్టి పైకెత్తి, ముల్లు ఎంత కదిలినదో వ్రాసుకొనండి. సర్దితే పోయే ఆట వేరు, బేరింగే పాడైపోవడం వేరు. గేర్ల మూత తీసి, చక్కును చేతితో త్రిప్పుతూ విరిగిన పళ్లున్నాయేమో చూడండి. క్రాస్ స్లైడ్ హ్యాండిల్ ఊరకే ఎంత తిరుగుతున్నదో చూడండి. లీడ్ స్క్రూ మరలను చక్కు దగ్గర, రెండవ చివర పోల్చి చూడండి.

చివరిగా కోత పరీక్ష. సుమారు 50 మిల్లీమీటర్ల కడ్డీని చక్కునుండి 150 మిల్లీమీటర్లు బయటకు ఉంచి, టెయిల్‌స్టాక్ ఆధారము లేకుండా, టూలును కదపక రెండు కొనలలో సన్నని కోత తీసి మైక్రోమీటరుతో కొలవండి. కొలతలు తేడాగా వచ్చినంతమాత్రాన అరుగుదల అనుకోవద్దు. లేతు సమంగా కూర్చోక బెడ్ మెలిపడినా ఇదే తేడా వచ్చును. ముందుగా మట్టము చూడవలెను. మేస్త్రీ వాడే రసమట్టము దీనికి చాలదు.

నట్టు, బేరింగు మార్చడం సాధారణంగా చిన్న ఖర్చే. బెడ్ గ్రైండింగ్ అట్టిది కాదు. దూరపు షాపుకు మోయించవలెను. సాడిల్ క్రిందికి దిగుతుంది గనుక లీడ్ స్క్రూతో మరల సరిచేయించవలెను. హరిహర్‌లో 1941లో ప్రారంభమైన మైసూరు కిర్లోస్కర్ వంటి మూతపడిన కర్మాగారపు లేతైతే, విడిభాగాల సంగతి ముందే విచారించండి.

ట్రాక్టరు పిన్నులు, బుష్షులు చేయుటకు కొంచెం అరిగిన లేతైనా పనికివచ్చును. ఖచ్చితమైన పొడవాటి షాఫ్టులకు చాలదు. గనుక కొలతలు, ఖర్చు, దొరికే పని ఒకే కాగితం మీద వ్రాసి ఇంటిల్లిపాదీ చూడండి. లెక్క కుదరకపోతే బేరము వదులుకొనుటకు సిగ్గుపడవద్దు. ఆ గొలుసు తిరిగి ఇంటికి రావలెను గదా!