మా వారి కొలతలు నేను తీయను

పోయిన దసరా సెలవులకి మా అక్క కొడుకు వైజాగ్ నుంచి కిరండూల్ పాసింజర్ ఎక్కి మా అరకు వచ్చాడు. బొర్రా గుహలు చూద్దామని కాదు, చాపరాయిలో ఆడుకుందామని అంతకన్నా కాదు. వాడూ, వాడి స్నేహితులిద్దరూ కలిసి ఓ మొబైల్ యాప్ తయారుచేస్తున్నారట. మగవాళ్ళు ఇంట్లో కూర్చుని గుడ్డ ఎంచుకుని, కొలతలు పంపిస్తే చాలు, చొక్కా, ప్యాంటూ కుట్టించి ఇంటికి పంపిస్తారట. మొదటి కస్టమరు వాళ్ళ బాబాయి, అంటే మా వారు.

కాఫీ తాగీ తాగకుండానే ఫోన్ తెరిచి చూపించాడు. బాగుందండీ, అబద్ధమెందుకు. వేలితో నొక్కితే కాలర్ మారుతోంది, జేబు వస్తోంది, పోతోంది. ఆ తర్వాత కొలతల పేజీ. ఛాతీ, నడుం, భుజం, చెయ్యి పొడవు, సీటు, తొడ, కాలి పొడవు... మొత్తం పద్నాలుగు గళ్ళు. వాడు బ్యాగులోంచి టేపు తీసి నా చేతిలో పెట్టాడు. పక్కనే కూర్చున్న బాబాయి చేతిలో కాదు, నా చేతిలో.

"పిన్నీ, నువ్వు కొలిచి చెబుతూ ఉండు, నేను ఎక్కిస్తాను."

అక్కడ మొదలైంది మా ఇద్దరికీ గొడవ.

ఎవరి ఛాతీ వాళ్ళు సరిగ్గా కొలుచుకోలేరు. చెయ్యి కదిలితే కొలత మారిపోతుంది. ఇంకో మనిషి కావాల్సిందే. ఆ ఇంకో మనిషి ఎవరో యాప్‌లో మాటల్లో ఎక్కడా రాయలేదు గానీ బొమ్మ వేశారు. నిటారుగా నిలబడ్డ మగాయన, పక్కన టేపు పట్టుకుని చీర కట్టుకున్న ఆవిడ. టైలరు డబ్బు తీసుకుని చేసే పనిని తెచ్చి ఆవిడ నెత్తిన ఊరికే పెట్టేశారు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది, ఇచ్చిన కొలతలు తప్పయితే తమ బాధ్యత కాదని. అంటే ప్యాంటు బిగుతైతే తిట్లు తినేది టైలరు కాదు, యాప్ కాదు. ఎవరో మీకు చెప్పక్కర్లేదు కదా.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటికి పెడుతున్నారని తేలింది. ఆ 289లో మొగుడి తొడ కొలత కూడా కలపమంటావా అని అడిగితే మా వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

"సరే, కెమెరా పెట్టేద్దాం పిన్నీ. ఫోనే కొలుస్తుంది" అన్నాడు.

అదీ అయిందండీ. జపాన్‌లో జోజో అనే కంపెనీ 2018లో తెల్ల చుక్కలున్న నల్ల సూటు ఒకటి జనానికి పంచింది. అది వేసుకుని ఫోన్ ముందు గడియారం ముల్లులా మెల్లగా తిరగాలి, ఆ చుక్కల్ని బట్టి ఫోన్ ఒళ్ళు కొలుస్తుంది. అంత పెద్ద కంపెనీ కూడా ఒప్పుకున్న టైముకి బట్టలు పంపలేక తంటాలు పడి, చివరికి ఆ సూటు పంచడం నుంచి వెనక్కి తగ్గింది. ఒంటి కొలత తీసినంత మాత్రాన చొక్కా కుట్టినట్టు కాదు.

మా వీధి చివర టైలరు ఏం చేస్తాడో చెబుతాను. మా వారు కొట్టు మెట్లెక్కుతుంటేనే ఆయన కళ్ళు కొలవడం మొదలుపెడతాయి. ఎడం భుజం కాస్త దిగి ఉంటుందని ఆయనకి తెలుసు, నాకు పెళ్ళయిన పదేళ్ళకి గానీ తెలీలేదు. ఛాతీ ఎంతుందో అంత కుడితే ఊపిరాడదు. లూజు ఎంత వదలాలో గుడ్డని బట్టి, మనిషిని బట్టి ఆయనే తేల్చుకుంటాడు. కాటన్ అయితే తడిపి ఆరేసి తెమ్మంటాడు. ప్యాంటు వెనక కుట్టులో వేలెడు గుడ్డ లోపలికి మడిచి దాచి ఉంచుతాడు. పొట్ట పెరిగినప్పుడల్లా విప్పి వదులు చేయడానికి. మా వారికి ఇప్పటికి మూడుసార్లు విప్పాడు, ఇంక గుడ్డ లేదు బాబూ, తిండి తగ్గించండి అన్నాడు. ఆ మాట నేనంటే ఇల్లు కప్పెగిరిపోయేది!

మనకి ఆది జాకెట్టు ఉన్నట్టే మగవాళ్ళకి ఆది చొక్కా. ఒంటికి సరిపోయిన పాతదొకటి ఇచ్చేస్తే అందులోనే అన్నీ ఉంటాయి. పద్నాలుగు గళ్ళ యాప్‌లో ఆది చొక్కాకి ఒక్క గడి లేదు. బల్ల మీద పరిచి కొలవడానికి పెళ్ళాం అక్కర్లేదు, ఎవరి చొక్కా వాళ్ళే కొలుచుకోవచ్చు. ఈ చిన్న సంగతి వీళ్ళకి తట్టలేదంటే, ఒక్క టైలరునీ అడగలేదన్నమాట.

నేను యాప్ వద్దనడం లేదు. ఇక్కడి కుర్రాళ్ళంతా రెడీమేడ్ ప్యాంట్లే కొంటున్నారు. మా టైలరుకి సంక్రాంతికీ, బళ్ళు తెరిచే జూన్‌కీ తప్ప చేతినిండా పని లేదు. శుక్రవారం సంతలో మెషిన్ పెట్టుకుని చిరుగులు కుట్టేవాళ్ళదీ అదే పరిస్థితి. వైజాగ్ ఆర్డర్లు ఘాట్ ఎక్కి వాళ్ళ దాకా వస్తే నాకంటే సంతోషించేవాళ్ళు లేరు. కానీ యాప్ అంతా ఇంగ్లీషులో ఉంది. ఇక్కడ ఎన్నో ఇళ్ళలో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. మలుపు తిరిగితే సిగ్నల్ పోయే కొండల్లో, నెట్ లేకపోతే ఆర్డర్ రద్దు అని రాస్తే ఎలా?

ఇంతకీ నా అసలు కోపం ఇదీ కాదు.

మా పుట్టిల్లు ఎస్.కోట. నాన్న పోయాక మా అమ్మ ఒక టైలరు కొట్టుకి కాజాలు కుట్టేది. సాయంత్రం కుర్రాడొచ్చి చొక్కాల మూట పడేసేవాడు. ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి తొమ్మిది, పది కాజాలు. బ్లేడుతో సన్నగా చీల్చి, దారానికి మైనం రాసి, అంచు చుట్టూ ముడి మీద ముడి. ఆ తర్వాత గుండీలు, ప్యాంటు కింద హెమ్మింగ్. చొక్కాకి రూపాయిన్నర ఇచ్చేవారు. ఒక్క కాజా పక్కకి జరిగితే ఆ చొక్కా డబ్బులు కోసేసేవారు. నలభై దాటకుండానే అమ్మకి చూపు మందగించింది. బడి నుంచి రాగానే పది సూదుల్లో దారం ఎక్కించి వరసగా దిండుకి గుచ్చి పెట్టడం నా పని. ఆ చొక్కాలు వేసుకున్న పెద్దమనుషుల్లో ఒక్కరికి కూడా మా అమ్మ పేరు తెలీదు.

ఇంట్లో కూర్చుని చేసేదీ పనేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒప్పందం రాసింది. దాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. కాజా మెషిన్లు వచ్చాయి, నిజమే. మా వీధి టైలరు దగ్గర లేదు. ఆయన చొక్కాల మూట ఇప్పటికీ వెనక వీధిలో ఓ ఇంటికి వెళ్తుంది.

మా వాడి ల్యాప్‌టాప్‌లో డబ్బు ఎవరికెంతో చూపించే పేజీ ఉంది. గుడ్డ కొట్టు, టైలరు, డెలివరీ కుర్రాడు, యాప్ కమిషను. "కాజాలావిడ ఏదిరా?" అన్నాను.

"అది టైలరు చూసుకుంటాడు పిన్నీ. మనకి సంబంధం లేదు."

సంబంధం లేదట! కమిషను పోగా టైలరుకి మిగిలేది తగ్గితే ఆయన మొదట కోసేది ఎవరి రూపాయి? తిరిగొచ్చిన చొక్కాని ఊరికే సరిచేసి ఇస్తామని పెద్ద అక్షరాల్లో రాశారే, ఆ కుట్లు విప్పి మళ్ళీ వేసే చేతికి ఎవరిస్తారు? ఈ డబ్బు లెక్క తేల్చకుండా కాలర్ల బొమ్మలు ఎన్ని గీస్తే ఏం? కాజాలకీ, హెమ్మింగ్‌కీ విడిగా గడి పెట్టు, రేటు రాయి, ఆవిడ ఫోన్‌కే డబ్బు వెళ్ళేలా చెయ్యి, సరిచేసిన ప్రతిసారీ మళ్ళీ ఇవ్వు అన్నాను. బిల్లు మీద ఆవిడ పేరు కూడా వెయ్యమన్నాను. "చొక్కా రేటు పెరుగుతుంది పిన్నీ" అన్నాడు. పెరగనీ. పెంచలేకపోతే మీ కమిషనులోంచి ఇవ్వండి.

మా వారు ఇదంతా వింటూ పేపరు వెనక్కి వెళ్ళిపోయారు. వాడు మొహం ముడుచుకునే రైలెక్కాడు. ఎంతైనా నా చేత్తో పెంచినవాడు, మూడు రోజులు మనసు పీకింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మొన్న ఫోన్ చేశాడు. ఆది చొక్కాకి గడి పెట్టాడట. కాజాలకీ ఒక గడి పెట్టాడట, రేటు దగ్గర మాత్రం స్నేహితులతో ఇంకా తేలలేదట. తేలాకే ఫోన్ చెయ్యి అన్నాను. పెట్టేసే ముందు మెల్లగా, "బాబాయి కొత్త కొలతలు పంపుతావా పిన్నీ?" అన్నాడు.

ఫోన్ ఆయనకిచ్చి నేను పొయ్యి దగ్గరికి వెళ్ళాను.