షౌక్ లేని పనిలో బర్కత్ ఉంటుందా?

గత రమజానుకు ముందు షేక్‌పేట నుండి ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చారు. ఆ అబ్బాయి చిన్ననాడు మా వద్దే ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్నాడు. ఇంజనీరింగ్ ముగించి, మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి రెండేళ్లయింది. ఇప్పుడు మానేస్తానంటున్నాడు.

“హజ్రత్, పని వచ్చు గాని షౌక్ లేదు. కేవలం జీతం కోసం చేయడం మోసం కాదా?” అన్నాడు. తండ్రి తల వంచుకొని కూర్చున్నారు. అబ్బాయి చదువుకు తెచ్చిన చేబదులు ఇంకా తీరలేదని మాకు తెలుసు.

వారి ఇంటి నుండి కొండెక్కితే ఫిలింనగర్, దాని ఆవల జూబ్లీహిల్స్. మద్రాసు నుండి తరలివచ్చిన తెలుగు చిత్రసీమకు ఆ కొండలే నిలయం. అక్కడ గెలిచిన ప్రతివారి నోటా ‘ప్యాషన్’ అనే మాట వినిపిస్తుంది. అంతే మక్కువతో వచ్చి, పక్కనున్న కృష్ణానగర్‌లో చిన్న వేషం కోసం ఏళ్లతరబడి ఎదురుచూసేవారి మాట ఎవరు వింటారు? సినిమాల విషయంలో మా అభిప్రాయం పాఠకులకు తెలిసినదే. ఇక్కడ మా మాట శ్రమను గూర్చి మాత్రమే. 2012లో వచ్చిన ‘ఈగ’కు ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం లభించింది. కంప్యూటర్ల ముందు కూర్చొని ఒక్కొక్క ఫ్రేమును సరిదిద్దిన ఓర్పు లేనిదే ఆ ఈగ రెక్క ఆడించేది కాదు.

దివ్య ఖుర్ఆన్‌లోని ‘అల్ ఖసస్’ సూరా చూడండి. ప్రవక్త మూసా (అ)ను పనిలో పెట్టుకోమని మద్‌యన్ కన్య తన తండ్రితో చెబుతూ రెండు గుణాలనే పేర్కొన్నది: శక్తి, నమ్మకస్తత. ఒప్పందం ఎనిమిదేళ్లు, ఇష్టమైతే పదేళ్లు. ఆయన పెద్ద గడువునే పూర్తిచేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఫిరౌను భవనంలో పెరిగిన ఆయనకు ఆ కొలువు చిన్ననాటి కల అయివుంటుందా?

నేటి సాఫ్ట్‌వేర్‌కు ప్రాణమైన ‘అల్గారిదమ్’ అనే మాట 9వ శతాబ్దపు బాగ్దాదు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టింది. ఆయన బీజగణిత గ్రంథంలో అధిక భాగం వీలునామాలు, వారసత్వ వాటాల లెక్కలే. ప్రజల అవసరం తీర్చడమే ఆ విద్య లక్ష్యం.

మమ్మల్ని మదరసాలో చేర్చినవారు మా నాన్నగారు. అరబ్బీ వ్యాకరణం మొదటి రెండేళ్లూ మాకు మోయలేని బరువు. అర్థం కావడం మొదలైన తరువాతనే ప్రేమ కలిగింది.

అబ్బాయితో ఇలా అన్నాము: “జీతం పుచ్చుకొని పని ఎగ్గొడితే మోసం. మనసు లేకున్నా సరిగా చేస్తే అమానత్ నెరవేర్చినట్లే. వడ్డీకో జూదానికో తోడ్పడే పని అయితే, ఎంత షౌక్ ఉన్నా వదలవలసిందే. నీ పని హలాల్. ముందు అప్పు తీర్చు. రోజూ ఒక గంట నీకు నచ్చిన విద్యకు కేటాయించు. ఏడాది తరువాత ఇస్తిఖారా చేసి నిర్ణయించుకో.”

తండ్రితో కూడా ఒక మాట అనక తప్పలేదు: “నాడు ఏ కోర్సు కావాలో బిడ్డను అడిగారా?” ఆయన లేదన్నట్లు తల ఊపారు. “అయితే ఏడాది గడిచాక అతడు ఏ నిర్ణయం చెప్పినా, కోప్పడకుండా వినండి” అన్నాము. సరేనన్నారు.

షౌక్ అల్లాహ్ ఇచ్చే వరం. అది కలిగేదాకా చేతిలోని పనిని చక్కగా చేయడం మన బాధ్యత. మన బిడ్డలకు హలాల్ ఉపాధిని, అందులో మనశ్శాంతిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.