బొటనవేలి బెణుకని తేలిగ్గా తీసుకోకండి

బండి మీద నుండి పడినప్పుడు బొటనవేలు వెనక్కి విరిగినట్లయి, చూపుడువేలి వైపు మొదట్లో వాపు వస్తే చాలామంది బెణుకే కదా అని కట్టు కట్టించుకుంటారు. ఎక్స్‌రేలో ఎముక బాగుందంటే నిశ్చింతగా ఉంటారు. కాని ఎక్స్‌రేలో లిగమెంటు కనబడదు.

లిగమెంటు కొంతే తెగితే నాలుగు నుండి ఆరు వారాల కట్టుతో సాధారణంగా మానుతుంది. పూర్తిగా తెగి, దాని కొస పక్కనున్న కండరపు పొర పైకి జరిగితే ఆ పొర అడ్డుపడి అతుక్కోదు. 1962లో స్వీడన్ వైద్యుడు స్టెనర్ దీనిని వివరించారు. దీనికి ఆపరేషనే మార్గం.

అందరికీ స్కానింగ్ అక్కరలేదు. డాక్టరు చేత్తో చూసి అనుమానిస్తే మాత్రం అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై ఖర్చుకు వెనుకాడవద్దు. కట్టా, ఆపరేషనా అన్నది తేల్చేది అదే. ఆలస్యమైతే తాళం తిప్పడానికీ, బిందె ఎత్తడానికీ పట్టు చాలదు. మొదటి వారంలోనే చూపించుకోండి.