బంతి ఎవరి చేతికి?
మన రాయకోట, హోసూరు వైపు కాలేజీ బాస్కెట్‌బాల్ కబుర్లలో పాయింట్ గార్డ్ లెక్క ఒకటే: పొడుగువాడు రింగు కింద, పొట్టివాడు బంతితో ముందుకు. ఆ లెక్క తప్పని 1979లోనే తేలింది. ఆరడుగుల తొమ్మిదంగుళాల మ్యాజిక్ జాన్సన్ మిషిగన్ స్టేట్‌ను కాలేజీ చాంపియన్‌గా నిలిపింది పాయింట్ గార్డ్‌గానే. అంతకంటే మొండి భ్రమ ఇంకోటుంది: బాస్కెట్లు వేసేవాడికి ఆట నడపడం రాదని. స్టీఫెన్ కరీని చూడండి. డేవిడ్సన్ అనే చిన్న కాలేజీలో మొదటి రెండేళ్లు అతడు షూటరే. బంతి నడిపింది జేసన్ రిచర్డ్స్, 2007-08లో అసిస్టుల్లో అమెరికా కాలేజీలన్నిటికీ మొదటివాడు. రిచర్డ్స్ వెళ్లిపోయాక కోచ్ బాబ్ మెక్‌కిలప్ ఆ పని కరీకి అప్పగించాడు. అసిస్టులు మ్యాచ్‌కు 2.9 నుంచి 5.6కి పెరిగాయి, పాయింట్లు తగ్గలేదు సరికదా, 28.6తో దేశంలోనే మొదటి స్థానం. అయినా 2009లో ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో సందేహాలు పోలేదు. మిన్నెసోటా జట్టు అయితే వరసగా ఇద్దరు పాయింట్ గార్డులను ఎంచుకుని మరీ ఇతణ్ని వదిలేసింది! నా మటుకు నాకు ఎత్తూ, పాయింట్లూ రెండూ పక్కదారి కొలతలే. ఎనిమిది సెకన్లలో బంతిని సగం కోర్టు దాటించాలి, మిగిలిన పదహారులో ఖాళీగా ఉన్నవాణ్ని వెతకాలి. డిఫెండర్ మీదికొచ్చినప్పుడు కుర్రాడి తల బంతి వైపు వంగుతోందా, తోటివాళ్ల వైపు లేస్తోందా అన్నదే అసలు పరీక్ష. కోచ్ గారూ, అంతర్ కళాశాలల పోటీలకు ముందు ఒక నెల ప్రాక్టీసులో మీ షూటర్ చేతికే బంతి ఇచ్చి చూడండి.